రాత్రి లెక్క రాసిన నర్సమ్మ: లిండా రిచర్డ్స్



పరదేశంలో ఉన్న మన తెలుగు సంఘాల్లో ఒక్క నర్సయినా లేని సంఘం అరుదు. నైట్ డ్యూటీ దిగి, నిద్రమొహంతోనే ఆదివారం ఆరాధనకు వచ్చి వెనక వరసలో కూర్చునే అక్కలు మీకూ తెలిసే ఉంటారు. డ్యూటీ దిగే ముందు వాళ్ళు ఒక పని తప్పకుండా చేస్తారు. ఏ రోగి ఎంతసేపు నిద్రపోయాడు, ఏం తిన్నాడు, ఏ మందు ఎన్ని గంటలకు ఇచ్చారు, రాత్రిలో ఏం మార్పు కనిపించింది, ఇవన్నీ రాసి, తర్వాత వచ్చే నర్సుకు అప్పగించి బయటికి వస్తారు. అమెరికాలో ఈ పద్ధతికి నాంది పలికిందని పేరు తెచ్చుకున్న లిండా రిచర్డ్స్ గురించి మీకు చెప్పాలనుకుంటున్నాను.

అమెరికాలో శిక్షణ పొంది డిప్లొమా అందుకున్న మొదటి నర్సుగా ఆమెను నర్సింగ్ పుస్తకాలు గుర్తు చేస్తాయి. ఉద్యోగ జీవితంలోని చివరి పన్నెండేళ్ళు ఆమె ఎక్కువగా మానసిక రోగుల ఆసుపత్రుల్లో గడిపిందన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. నేను నర్సును కాను, సాఫ్ట్‌వేర్ పని చేసుకునేవాణ్ణి. అయినా ఈమె జీవితం నన్నెందుకు పట్టుకుందో ముందుగా చెప్పాలి.

కొన్నేళ్ళ క్రితం మా సహవాసంలో ఒక తమ్ముడు ఉన్నట్టుండి మారిపోయాడు. అతని అనుమతితోనే ఇది రాస్తున్నాను. రాత్రంతా ప్రార్థన చేసేవాడు. తెల్లవారుజామున మూడింటికి మా అందరికీ పొడవాటి మెసేజ్‌లు పెట్టేవాడు. ఉద్యోగం మానేసి పరిచర్యకు వెళ్తానన్నాడు, ఉన్న డబ్బంతా పంచేస్తానన్నాడు. మేమంతా సంతోషించాం. ఇంత భారం మాకెందుకు లేదా అని సిగ్గుపడ్డాం కూడా. ఒక శుక్రవారం కూటం అయ్యాక మా సంఘంలోని నర్సు అక్క అతన్ని పక్కకు పిలిచి నాలుగు ప్రశ్నలు అడిగింది. గత వారంలో ఏ రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు? చివరిసారి కడుపునిండా ఎప్పుడు తిన్నావు? ఎంత ఖర్చుపెట్టావు? ఇలా ఇంతకుముందు ఎప్పుడైనా జరిగిందా? జవాబులు విని, అతన్ని ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అది బైపోలార్ అనే జబ్బు అని తేలింది. మేము ఆత్మీయ ఆసక్తి అనుకున్నది నిద్రలేని మెదడు పడుతున్న యాతన.

మేమూ అతన్నే చూశాం, ఆమే అతన్నే చూసింది. ఆమెకు కనిపించింది మాకెందుకు కనిపించలేదు? ఆ ప్రశ్న వెంటబడి వెతికితే లిండా రిచర్డ్స్ దగ్గరికి చేరాను.

ఆమె 1841 జూలై 27న న్యూయార్క్ రాష్ట్రంలోని పాట్స్‌డామ్ దగ్గర పుట్టింది. తండ్రి బోధకుడు. కూతురికి మలిండా ఆన్ జడ్సన్ రిచర్డ్స్ అని పేరు పెట్టాడు. ఆన్ జడ్సన్ పేరు మీలో బాప్టిస్టు కుటుంబాల వాళ్ళకు తెలిసే ఉంటుంది. భర్త అదోనిరాం జడ్సన్‌తో కలిసి 1812లో కలకత్తాకు, అక్కడి నుంచి బర్మాకు వెళ్ళిన మిషనరీ ఆమె. ఆ దంపతులకు అండగా నిలవడానికి 1814లో ఏర్పడిన అమెరికన్ బాప్టిస్టు మిషనే తర్వాత 1836లో శామ్యూల్ డే గారిని మన తెలుగువారి దగ్గరికి పంపింది. నెల్లూరు లోన్ స్టార్ మిషన్ కథ అక్కడి నుంచే మొదలు. తన కూతురు కూడా ఆన్ జడ్సన్ బాటలో నడవాలన్నది ఆ తండ్రి ఆశ.

ఆ ఆశ నెరవేరడం ఆయన చూడలేదు. 1845లో కుటుంబంతో విస్కాన్సిన్‌కు వలస వెళ్ళి, కొద్ది వారాలకే క్షయతో చనిపోయాడు. తల్లి పిల్లల్ని తీసుకుని వెర్మాంట్‌లో ఉన్న తన తండ్రి దగ్గరికి చేరింది. తర్వాత ఆమెకూ క్షయ సోకింది. ఆటలాడుకోవలసిన వయసులో లిండా తల్లి మంచం పక్కన కూర్చుని సేవ చేసింది. 1854లో తల్లి కన్నుమూసేనాటికి ఆమెకు పదమూడేళ్ళు. తల్లికి వైద్యం చేసిన డాక్టరే ఈ అమ్మాయిలోని శ్రద్ధ గమనించి, రోగుల్ని ఎలా చూసుకోవాలో కొంత నేర్పించాడు.

తర్వాత కొంతకాలం బడిలో పంతులమ్మగా పనిచేసింది. పెళ్ళి నిశ్చయమైన యువకుడు అంతర్యుద్ధంలో గాయపడి వచ్చాడు. అతనికీ ఏళ్ళ తరబడి సేవ చేసింది. 1869లో అతనూ పోయాడు. ముప్ఫై ఏళ్ళు నిండకుండానే దగ్గరివాళ్ళు ముగ్గురు పోయారు, వాళ్ళలో ఇద్దరికి ఆమే మంచం పక్కన కూర్చుని చేసింది. చావును అంత దగ్గరగా చూసిన మనిషి ఆసుపత్రి వాసనకే దూరంగా పారిపోవచ్చు. ఆమె బోస్టన్ వెళ్ళి ఆసుపత్రిలోనే పనికి చేరింది.

అప్పట్లో ఆసుపత్రి ఆయా అంటే ఇల్లూడ్చే మనిషితో సమానం. నేర్పించేవాళ్ళు లేరు, పని మాత్రం నడుం విరిగేంత. లిండా మూడు నెలలకే అక్కడి నుంచి బయటపడింది కానీ ఆ వృత్తిని వదల్లేదు. 1872లో బోస్టన్‌లోనే, స్త్రీ వైద్యులు నడిపే న్యూ ఇంగ్లండ్ హాస్పిటల్ ఫర్ విమెన్ అండ్ చిల్డ్రన్ నర్సులకు ఏడాది శిక్షణ మొదలుపెట్టింది. మొదటి జట్టులో ఐదుగురు. అందరికంటే ముందు పేరు రాయించుకున్నది లిండా. తెల్లవారి ఐదున్నరకు లేస్తే రాత్రి తొమ్మిదింటి దాకా పని. పాఠ్యపుస్తకాలు లేవు. మందు సీసాల మీద మందు పేరు కూడా ఉండేది కాదు, అంకె మాత్రమే ఉండేది. తాను ఏ మందు ఇస్తోందో నర్సుకు తెలియనక్కర్లేదన్నది ఆనాటి ఆలోచన.

ఈ సంగతి చదివినప్పుడు నేను కాసేపు ఆగిపోయాను. నర్సు చేతులు కావాలి, ఆమె ఆలోచన అక్కర్లేదు. ఆ అంకెల సీసాల అర్థం అదే కదా! మిగతా జీవితమంతా లిండా చేసిన పని ఈ ఆలోచనను తిరగరాయడమే.

1873లో డిప్లొమా చేతికొచ్చింది. వెంటనే న్యూయార్క్‌లోని బెల్వ్యూ ఆసుపత్రిలో రాత్రి పూట నర్సుల పర్యవేక్షణ చేపట్టింది. నగరంలోని పేదలు వచ్చే పెద్ద ఆసుపత్రి అది. రాత్రి జరిగింది ఉదయం వచ్చే డాక్టరుకు తెలియాలంటే నర్సు నోటిమాటే ఆధారం. అలసిన మనిషి నోటిమాటలో ఎంత మిగులుతుంది? లిండా ఒక్కో రోగి గురించి విడిగా, క్రమంగా రాసిపెట్టడం మొదలుపెట్టింది. ఆ రాత ఎంత పనికొస్తుందో డాక్టర్లు త్వరలోనే గ్రహించారు. అది ఆసుపత్రి పద్ధతిగా మారి, మిగతా చోట్లకూ పాకింది.

మనలో ఐటీ వాళ్ళకు ఇది సులువుగా అర్థమవుతుంది. అర్ధరాత్రి సర్వర్ ఆగిపోతే, పడుకున్నవాణ్ణి లేపి అడిగితే ఏమీ తేలదు. లాగ్ తెరిచి చూస్తాం. ఏ నిమిషానికి ఏం జరిగిందో అందులో ఉంటేనే కారణం దొరుకుతుంది. పనిచేయడం లేదు అని ఒక్క ముక్క రాసి పంపిన టికెట్ ఎవరికీ పనికిరాదు. మనిషి విషయంలో ఇది వెయ్యి రెట్లు నిజం.

1874 నుంచి బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ నర్సుల శిక్షణ పాఠశాలను ఆమె గాడిలో పెట్టింది. 1877లో ఇంగ్లండ్ వెళ్ళి సెయింట్ థామస్ ఆసుపత్రిలో పద్ధతులు నేర్చుకుంది, ఫ్లోరెన్స్ నైటింగేల్‌ను కలిసింది. తిరిగొచ్చాక బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో నర్సుల పాఠశాల మొదలుపెట్టింది. అక్కడి సూపరింటెండెంట్ ఎడ్వర్డ్ కౌల్స్ తర్వాత మెక్లీన్ మానసిక ఆసుపత్రికి మారి, 1882లో మానసిక రోగుల సేవ కోసమే ఒక నర్సింగ్ పాఠశాల తెరిచాడు. అమెరికాలో అలాంటిది అదే మొదటిది.

1886లో తండ్రి కల వేరే దారిలో నిజమైంది. అమెరికన్ బోర్డు మిషన్ తరఫున లిండా జపాన్ వెళ్ళింది. క్యోటోలో నీజిమా జో స్థాపించిన దోషిషా సంస్థలో నర్సుల పాఠశాల నెలకొల్పింది. అప్పటికి ఆమెకు నలభై అయిదేళ్ళు కావస్తున్నాయి. ఆ వయసులో జపనీస్ భాష నేర్చుకుంటూ దాదాపు ఐదేళ్ళు అక్కడ పనిచేసింది. కొత్త దేశంలో డాక్టరు ముందు కూర్చుని, కడుపులో దేవినట్టుగా ఉంది అన్న మాటను ఇంగ్లీషులో ఎలా చెప్పాలో తెలియక తడబడిన మన అమ్మానాన్నల్ని తలచుకోండి. మాట అందని చోట నర్సు చూపే ఆధారం. ముఖం, ఊపిరి, చేతుల వణుకు, కంచంలో మిగిలిన అన్నం, వీటిని చదవగలగాలి. మానసిక రోగి సేవలో అవసరమైంది కూడా సరిగ్గా ఈ చూపే.

ఇక్కడ ఒక్కసారి వెనక్కి వెళ్దాం. లిండా పుట్టిన 1841లోనే మసాచుసెట్స్‌లో డొరోథియా డిక్స్ అనే టీచరు ఈస్ట్ కేంబ్రిడ్జ్ జైలులోని స్త్రీలకు సండేస్కూల్ పాఠం చెప్పడానికి వెళ్ళింది. ఏ నేరమూ చేయని మానసిక రోగులు చలికాలంలో వెచ్చదనం లేని గదుల్లో బందీలుగా ఉండటం అక్కడ చూసింది. ఆ రోజు నుంచి ఆమె చేసిన పోరాటం వల్ల అనేక రాష్ట్రాల్లో ప్రభుత్వ మానసిక ఆసుపత్రులు వచ్చాయి. గోడలు, పైకప్పు, మంచాలు అమరాయి. కానీ లోపల రోగి పక్కన ఎవరున్నారు? చాలాచోట్ల తాళపుచెవుల గుత్తి పట్టుకున్న కాపలావాళ్ళు. కండబలం చూసి పనిలో పెట్టుకున్నవాళ్ళు. రోగి పారిపోకుండా, గొడవ చేయకుండా చూడటమే వాళ్ళకు తెలిసిన పని.

1899లో లిండా మసాచుసెట్స్‌లోని టాంటన్ మానసిక ఆసుపత్రికి నర్సుల పాఠశాల ఏర్పాటు చేయడానికి వెళ్ళింది. అప్పటికి ఆమెకు యాభై ఎనిమిదేళ్ళు. అమెరికాలో నర్సింగ్ పాఠశాలల సూపరింటెండెంట్ల సంఘానికి మొదటి అధ్యక్షురాలిగా పనిచేసిన పేరున్న మనిషి. హాయిగా విశ్రాంతి తీసుకోవచ్చు. ఆమె మాత్రం టాంటన్ తర్వాత వూస్టర్‌కు, ఆపైన మిచిగన్‌లోని కలమజూకు, అక్కడి నుంచి మళ్ళీ టాంటన్‌కు వెళ్ళి, 1911లో పదవీ విరమణ చేసే వరకు ఈ పనిలోనే ఉంది.

ఆమె నమ్మకం చాలా సూటిగా ఉండేది. ఒంట్లో జబ్బున్నవాడికి ఎంత మంచి సేవ అందుతుందో, మనసులో జబ్బున్నవాడికి కనీసం అంత మంచి సేవ అందాలి. ఈ రోజు వింటే ఇందులో కొత్తేముంది అనిపిస్తుంది. ఆ రోజుల్లో ఇది ఎదురీత. నేటి మానసిక వైద్యంలో వాడే మందులు దాదాపు ఏవీ అప్పుడు వాడుకలో లేవు. మొదటి యాంటీసైకోటిక్ మందైన క్లోర్‌ప్రొమజీన్ మానసిక రోగులకు వాడటం మొదలైంది 1952లో. అంటే రోగికి అందే చికిత్సలో పెద్ద భాగం నర్సే. స్నానం, తిండి, నిద్ర, మాట, ఓపిక, వీటన్నిటికీ తోడు గమనిక.

గమనికకు అంత విలువ ఎందుకో ఒక ఉదాహరణ చెప్తాను. ఆ కాలంలో అమెరికా దక్షిణ రాష్ట్రాల మానసిక ఆసుపత్రుల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఎక్కువగా కనిపించేది. చర్మం నల్లబడి పగులుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ఆ తర్వాత మతి చెదురుతుంది. దానికి కారణం తిండిలో లోపమని 1914 తర్వాత డాక్టర్ గోల్డ్‌బర్గర్ చూపించాడు. మన హైదరాబాద్ చుట్టుపక్కల జొన్నలే ముఖ్యాహారంగా బతికిన పేదల్లోనూ ఈ జబ్బు ఉండేది, అక్కడి పోషకాహార శాస్త్రవేత్తలు దాని మీద 1960ల్లో పరిశోధనలు చేశారు. ఆలోచించండి. ఒక మనిషిని పిచ్చివాడని ఒక మూలన కూర్చోబెట్టినప్పుడు, అతని చేతుల మీద చర్మాన్ని, కంచంలో తిండిని చూసి రాసేవాళ్ళు లేకపోతే అసలు జబ్బు ఎప్పటికీ బయటపడదు.

ఇప్పుడూ అంతే. నిన్నటిదాకా మామూలుగా ఉన్న అమ్మమ్మ ఒక్క రోజులో తికమకగా మాట్లాడితే అది మతిమరుపు కాకపోవచ్చు. మూత్రంలో ఇన్‌ఫెక్షన్ కావచ్చు, కొత్తగా వేసుకున్న మాత్ర కావచ్చు. ఎప్పుడూ నీరసంగా, దిగులుగా ఉండే అక్కకు థైరాయిడ్ తక్కువగా ఉండవచ్చు. బిడ్డను కన్న కొద్ది రోజులకే వింతగా మాట్లాడే బాలింతకు గాలి సోకిందని ఇంట్లో దాచిపెడితే తల్లీబిడ్డలిద్దరి ప్రాణానికీ ముప్పు, ఆమెను వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. ఏది ఏదో తేల్చడం డాక్టరు పని. కానీ డాక్టరు రోగిని చూసేది పదిహేను నిమిషాలు. మిగతా సమయమంతా చూసినవాళ్ళు ఏం గమనించారన్న దాని మీదే ఆ తీర్పు నిలబడుతుంది.

మంచి నర్సు ముందు చూసింది రాస్తుంది, పేరు తర్వాత పెడుతుంది. రోగి రాత్రి గొడవ చేశాడు అని రాస్తే అది తీర్పు. రెండు గంటలకు లేచి మూడుసార్లు తలుపు తట్టాడు, ఎవరో పిలుస్తున్నారన్నాడు, చేతులు వణికాయి, నీళ్ళిస్తే తాగి కూర్చున్నాడు అని రాస్తే అది గమనిక. మొదటి రాతను చదివినవాడు తాళం వేస్తాడు. రెండో రాతను చదివినవాడు కారణం వెతుకుతాడు.

లిండా ఒక్కతే అన్నీ మార్చేసిందని నేను చెప్పను. ఆ ఆసుపత్రులు తర్వాతి కాలంలో మరీ కిక్కిరిసిపోయాయి. 1955 నాటికి అమెరికా ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో 5 లక్షల 50 వేలకు పైగా రోగులుండేవారు. అంతమందిలో ఒక్కొక్కరినీ విడిగా చూసే చూపు చాలాచోట్ల కరువైంది. ఆమె నాటిన విత్తనం బతికింది నర్సుల శిక్షణలో. నేడు నర్సింగ్ చదివే ప్రతి విద్యార్థీ మానసిక రోగుల సేవ నేర్చుకోక తప్పదు. మన సంఘంలోని నర్సు అక్క కూడా ఏదో ఒక వార్డులో అది నేర్చుకునే వచ్చింది.

1911లోనే లిండా తన జ్ఞాపకాలను పుస్తకంగా రాసింది. 1923లో పక్షవాతం వచ్చింది. చివరి రోజులు తాను యాభై ఏళ్ళ క్రితం నర్సింగ్ నేర్చుకున్న ఆ బోస్టన్ ఆసుపత్రిలోనే గడిచాయి. జీవితమంతా ఇతరుల మంచం పక్కన కూర్చున్న మనిషికి, తన వారసులైన నర్సులు సేవ చేశారు. 1930 ఏప్రిల్ 16న, ఎనభై ఎనిమిదేళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది.

ప్రియమైనవారలారా, ఇక మన సంగతికి వద్దాం. మన ఇళ్ళల్లో షుగర్ ఉందని చెప్పుకుంటాం, బీపీ ఉందని చెప్పుకుంటాం, గుండెకు స్టెంట్ వేశారని సాక్ష్యం చెప్తాం. మనసు బాగాలేదని మాత్రం చెప్పుకోం. చెల్లి పెళ్ళి ఆగిపోతుందని భయం, విశ్వాసం లేదంటారని సిగ్గు. ఎవరైనా ధైర్యం చేసి చెబితే, ఇంకా ప్రార్థించు, ఇంకా ఉపవాసముండు అంటాం. మా తమ్ముడికి నేనూ అదే చెప్పాను. అసలే తినని, నిద్రపోని మనిషికి ఉపవాసం ఉండమని చెప్పాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ నా తల వంగిపోతుంది.

ఏలీయా కథ మీకు తెలుసు. బదరీ చెట్టు కింద కూలబడి, ఇక చాలు, చనిపోతే బాగుండును అనుకున్న ప్రవక్తకు దూత మొదట చేసిందేమిటి? మందలించలేదు, ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, లేపి, రొట్టె, నీళ్ళు ఇచ్చి, మళ్ళీ పడుకోనిచ్చి, మళ్ళీ తినిపించాడు. ప్రశ్నలు తర్వాత వచ్చాయి. నిద్ర, తిండి, నీళ్ళు, పక్కన ఒకరు. ఏ మానసిక ఆసుపత్రి నర్సు చార్టు తెరిచినా మొదటి వరసలో కనిపించేవి ఇవే.

మీ సంఘంలో ఎవరైనా మారిపోయినట్టు కనిపిస్తే దయచేసి ముందు అడగండి. ఎన్ని గంటలు నిద్రపోతున్నావు? తింటున్నావా? ఎప్పటి నుంచి ఇలా ఉంది? చనిపోవాలనిపిస్తోందా? ఈ చివరి ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామని భయపడకండి, అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు. మోస్తున్నవాడికి చెప్పుకునే దారి దొరుకుతుంది. విన్నది తారీఖుతో సహా ఒక కాగితం మీద రాయండి. డాక్టరు దగ్గరికి మీరూ తోడు వెళ్ళండి, ఆ కాగితం చూపించండి. ప్రాణానికి ముప్పు ఉందనిపిస్తే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి. అమెరికాలో ఉంటే 988కి ఫోన్ చేయండి. ఇండియాలో మనవాళ్ళకైతే టెలీ మానస్ 14416 ఉంది, అక్కడ తెలుగులోనే మాట్లాడవచ్చు. ప్రార్థన మానమని నేననడం లేదు. ఆసుపత్రి వరండాలో కూర్చుని చేసే ప్రార్థన కూడా ప్రార్థనే.

మా తమ్ముడు ఇప్పుడు మందులు వేసుకుంటూ, రాత్రి పదిన్నరకల్లా పడుకుంటూ, ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఆదివారం కీబోర్డు వాయిస్తాడు. అప్పుడప్పుడు నర్సు అక్క అతన్ని దాటి వెళ్తూ, నిన్న రాత్రి ఎన్ని గంటలు తమ్ముడూ అని అడుగుతుంది. ఏడు అక్కా, అంటాడు. ఆమె తలూపి, వెనక వరసలోని తన కుర్చీ దగ్గరికి వెళ్ళిపోతుంది.

మన మధ్య ఉన్న ఇలాంటి నర్సుల కోసం, వాళ్ళు కనిపెట్టుకుని ఉన్న రోగుల కోసం ఈ వారం మీ కుటుంబ ప్రార్థనలో జ్ఞాపకం చేసుకోండి. ప్రభువు మనకూ ఆ చూపు దయచేయును గాక. ఆమేన్.